వండకూడని కుండ

మా అమ్మ పోయి ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి కొత్తపట్నం వెళ్ళాను. భోజనాలయ్యి, బంధువులంతా వెళ్ళిపోయాక, మా వదిన వంటింటి అటక మీంచి ఒక జాడీ దింపించి నా ముందు పెట్టింది. పైన గోధుమరంగు, కింద తెలుపు, అంచు దగ్గర బొటనవేలు గోరంత పెచ్చు ఊడిన జాడీ. అమ్మ ఆవకాయ జాడీ.

"అమ్మాయ్, ఇది నువ్వు పట్టుకుపో. ఇక్కడుంటే పిల్లలు పగలగొడతారు. అయితే ఒక మాట చెప్పు. తీసికెళ్ళి అద్దాల బీరువాలో పెడతావా, ఆవకాయ పెడతావా?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. నవలల్లో నా కథానాయికలు ఇలాంటి ప్రశ్నలకి టక్కున జవాబు చెప్పేస్తారు. నేను మాత్రం, "చూద్దాంలే వదినా" అన్నాను. ఆ "చూద్దాంలే" నన్ను ఎక్కడెక్కడికో తిప్పింది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం దాకా, అక్కడినించి పుస్తకాల్లోంచి చైనా దాకా.

అవును, చైనాయే. మనం "చైనా జాడీ" అంటామే గాని, మన ఇళ్ళలో ఉన్న జాడీలు చైనానించి వచ్చినవేం కావు. అయినా ఆ పేరు పోలేదు. పట్టుబట్టని చీనాంబరమన్నాం, పంచదారని చీనీ అన్నాం, జాడీని చైనా జాడీ అన్నాం. మంచి సరుకైతే చాలు, చైనాకి కట్టబెట్టేయడం మన పెద్దల అలవాటు. పింగాణీ విషయంలో మాత్రం ఆ అలవాటు న్యాయమైనదే.

మా ఊరి గొప్ప కూడా కాస్త చెప్పుకోనివ్వండి. కొత్తపట్నం తవ్వకాల్లో పాతకాలపు చైనా పింగాణీ పెంకులు దొరికాయని ఒకచోట చదివి పొంగిపోయాను. మావారికి చదివి వినిపించాను కూడా. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఇది నెల్లూరు జిల్లా కొత్తపట్నం. మీ ఊరు కాదు" అన్నారు. నా పొంగు పాలపొంగులా చల్లారిపోయింది. అయితేనేం? మా ఊరికి ఉత్తరంగా, అదే తీరం మీద మోటుపల్లి ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నించి బాపట్ల జిల్లాకి వెళ్ళింది. ఆ నేలలోనూ చైనా పింగాణీ పెంకులు దొరికాయి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వర్తకులకి అభయం ఇస్తూ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులో ఉన్నదంతా రాజులు లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని సముద్రం మీదికి వచ్చినవాళ్ళని అలా దోచుకోవడం తగదని, సుంకం మాత్రం తీసుకుని తక్కినది వాళ్ళకే వదిలేస్తామని ఆయన చెప్పాడు. ఆ సుంకాల పట్టీలో గంధం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టునూలు ఉన్నాయి. చీనీ కర్పూరం కూడా ఉంది. మన దేవుడికిచ్చే హారతిలో చైనా వాసన ఆనాడే ఉందన్నమాట!

ఇక అసలు విషయానికి వస్తాను. చైనావాళ్ళ పింగాణీ అందం గురించి చాలామంది రాశారు. నేను చెప్పదలచుకున్నది వాళ్ళు పూజకీ, చావుకీ చేసిన మట్టిపాత్రల గురించి. ఎందుకంటే అవి వంటకి పనికిరావు. పనికిరాకుండా ఉండాలనే కొన్నిటిని చేశారు. వంటింట్లో సగం జీవితం గడిపిన ఆడదానికి ఇంతకంటే విచిత్రమైన సంగతి ఏముంటుంది చెప్పండి!

అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది లుంగ్‌షాన్ నల్లపాత్రల గురించి. ఇప్పటికి నాలుగువేల ఏళ్ళ పైమాట. షాన్‌డాంగ్ ప్రాంతంలో లుంగ్‌షాన్ అనే ఊరి దగ్గర 1930లో తవ్వకాలు మొదలుపెట్టారు. అక్కడ బయటపడిన సంస్కృతికి ఆ ఊరి పేరే పెట్టారు. ఆ కాలపు సమాధుల్లో సన్నని కాడ మీద నిలబడ్డ నల్లటి మట్టి గిన్నెలు దొరికాయి. కొన్నిటి మందం అర మిల్లీమీటరు! కోడిగుడ్డు పెంకు పాత్రలని వాటికి పేరు. సారె వడిగా తిప్పి, అంత పల్చగా లాగి, పొగ చుట్టుముట్టేలా కాల్చి నల్లగా నిగనిగలాడించారు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఒట్టి ఆకారమే. అందులో పాలు పోసుకుని తాగుదామంటే ఎత్తేటప్పటికే విరుగుతుందేమోనని భయం. అది ఇంట్లో వాడుకునే గిన్నె కాదు. పెద్దవాళ్ళ సమాధుల్లో పెట్టే గిన్నె. తలుచుకుంటే ఇంత పల్చగా చెయ్యగలనని కుమ్మరి చెయ్యి చెప్పిన మాట అది. నా ఓటు దీనికే. నాలుగువేల ఏళ్ళ తరవాత కూడా ఇంతకంటే తక్కువ మట్టితో ఇంతకంటే ఎక్కువ గౌరవం చూపించిన పాత్ర నాకు కనబడలేదు.

గాన్సూ ప్రాంతంలో 1924లో ఆండర్సన్ అనే స్వీడన్ పండితుడు బయటపెట్టిన కుండలు వేరే తరహా. బొద్దుగా, పెద్ద పొట్టతో, అచ్చం మన కాగుల్లా ఉంటాయి. పైసగమంతా ఎరుపు, నలుపు రంగుల్లో సుడులు తిరిగిన గీతలు. కిందిసగం బోసి. నేలమీద పెట్టిన కుండని పైనించి చూసేవాళ్ళకి కనబడేంతవరకే రంగులు వేశారన్నమాట. ఇది పిసినారితనమని కొందరికి తోచవచ్చు. నాకు మాత్రం ముగ్గు గుర్తొచ్చింది. నిలబడి చూసే కళ్ళకి ఎంతవరకు అందం కావాలో మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఆ కుండలకి రంగులు వేసిన చేతులు కూడా ఆడవాళ్ళవే అయితే నేనేం ఆశ్చర్యపోను.

తరవాత హాన్ వంశం. క్రీస్తుకి పూర్వం 206 నించి క్రీస్తు తరవాత 220 దాకా. వీళ్ళు సమాధిలో పెట్టిన మట్టిబొమ్మలు చూస్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. గాదెలు, బావులు, కోళ్ళు, కుక్కలు, పందుల దొడ్లు. ఆ దొడ్డి పైన మరుగుదొడ్డితో సహా! మరీ ముచ్చటైనవి పొయ్యిలు. మట్టి పొయ్యి మీద మట్టి గిన్నెలు కూచుని ఉంటాయి. పొయ్యి పైభాగాన చేప, గరిటె, కత్తి అచ్చుపోసి ఉంటాయి. చనిపోయినవాళ్ళు ఆ లోకంలో ఆకలితో ఉండకూడదని బెంగ. ఆ పొయ్యి బొమ్మ చూసి నేను మొదట నవ్వాను. తరవాత, దాన్ని సమాధిలో పెట్టినవాళ్ళు ఏ పూట వంట దగ్గర ఎవరిని తలుచుకున్నారో అనుకుంటే నవ్వు ఆగిపోయింది. మా అమ్మని ఎవరైనా ఒక బొమ్మలో చూపించాలంటే ఇంతకంటే సరైన బొమ్మ ఏముంది? పొయ్యీ, గరిటే.

తాంగ్ వంశపు గుర్రాల విషయంలో మాత్రం నాకు లోకంతో పేచీ ఉంది. 618 నించి 907 దాకా ఏలినవాళ్ళు వీళ్ళు. పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు కారిపోతున్నట్టుండే గుర్రాలూ ఒంటెలూ మీరూ బొమ్మల్లో చూసే ఉంటారు. అందరూ మెచ్చుకుంటారు. పనితనం ఉంది, కాదనను. కాని అవి చచ్చినవారి కోసం కన్నా, శవయాత్ర చూడవచ్చిన జనం కోసం చేసినట్టుంటాయి. ఎంత పెద్ద గుర్రం పెట్టారో, ఎన్ని పెట్టారో చూసి నలుగురూ చెప్పుకోవాలి. మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారికి చూపించడం కోసం పేర్చే సారె సామాను లాంటిదే ఇదీ. ఆ రంగుల మెరుపులో సీసం ఉంటుంది. అన్నం పెట్టుకుని తింటే విషం. ఇవి తవ్వకాల్లో బయటపడ్డ మొదట్లో చైనావాళ్ళే ఇంట్లో పెట్టుకోవడానికి ఇష్టపడలేదు, సమాధి సరుకు అశుభమని. ఇప్పుడు ప్రపంచమంతా హాల్లో పెట్టుకుంటోంది. ఎవరిది తెలివో మీరే చెప్పండి.

1974లో షియాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ మట్టి సైన్యం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక చక్రవర్తికి చావంటే ఎంత భయమో చెప్పడానికి అన్ని వేల బొమ్మలు కావలసొచ్చాయి. ఆ భయం ముందు అర మిల్లీమీటరు నల్లగిన్నె ఎంత నిబ్బరంగా ఉందో చూడండి.

పూజపాత్రల కథ వేరు. మొదట్లో పెద్దల పూజలకి కంచు పాత్రలు వాడేవారు. 1369లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి పూజపాత్రలు పింగాణీవి వాడాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1530లో ఒక్కొక్క వేదికకి ఒక్కొక్క రంగు పెట్టారు. ఆకాశానికి నీలం, భూమికి పసుపు, సూర్యుడికి ఎరుపు, చంద్రుడికి తెలుపు. ఎంత ముచ్చటగా ఉందో కదా! మన నవగ్రహాలకి రంగుగుడ్డలు కట్టినట్టు. అంతకుముందే సోంగ్ వంశపు రోజుల్లో లుంగ్‌చువాన్ కుమ్మరులు ఆకుపచ్చ పింగాణీలో పాత కంచు పాత్రల ఆకారాలు చేశారు. పూర్వం దేవతల ముందు పెట్టిన మూడుకాళ్ళ పాత్ర, పండితుడి బల్ల మీద ధూపం గిన్నె అయింది. సమాధిలో పెట్టిన పచ్చరాతి స్తంభం, పూలకుండీ అయింది. అందంగానే ఉంటాయి. అయితే నాకెందుకో ఆ అందంలో కాస్త వెలితి తోస్తుంది. పెళ్ళిలో పట్టిన అడ్డుతెరని కిటికీకి కర్టెనుగా కుట్టించుకున్నట్టు.

ఈ ఆకుపచ్చ పింగాణీ మన దేశానికీ బాగానే వచ్చింది. సాలార్‌జంగ్‌లో దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మన నవాబులకి ఆ పళ్ళేలంటే మోజు. విషం కలిసిన అన్నం పెడితే పళ్ళెం పగులుతుందనో, రంగు మారుతుందనో ఒక నమ్మకం. రసాయనశాస్త్రం ఒప్పుకోదు గాని, పాపం, ఎవరి భయం వారిది. చూశారా, చైనాలో దేవుడి దగ్గరుండే ఆకుపచ్చ ఇక్కడికి వచ్చి వంటవాడి మీద నిఘా పెట్టింది!

ఇంతకీ నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటుంది. చైనావాళ్ళ పాత మర్యాదల గ్రంథం లీ జీ. అందులో చనిపోయినవాళ్ళతో పంపే వస్తువుల గురించి కన్ఫ్యూషియస్ చెప్పిన మాటలున్నాయి. పోయినవాళ్ళని పూర్తిగా పోయినట్టే చూస్తే ప్రేమ లేనట్టు. బతికున్నట్టే చూస్తే తెలివి లేనట్టు. అందుకని వాళ్ళతో పంపే పాత్రలు అసంపూర్తిగా ఉండాలి. మట్టిపాత్ర వాడకానికి రాకూడదు. వాద్యానికి తీగలుండవచ్చు గాని శ్రుతి కలవకూడదు. ఎంత సూక్ష్మమైన ఆలోచనో చూడండి! కావాలని పూర్తి చెయ్యకుండా వదిలేసిన కుండ. ఇది చదివినప్పుడు, దుఃఖం గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదనుకున్నాను. అమ్మ పోయాక మూణ్ణెల్లపాటు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను దగ్గరికి వెళ్ళేదాన్ని. తీసేదాన్ని. నంబరు తిప్పేదాన్ని కాదు. శ్రుతి కలపని వీణ అంటే అదే.

మరి మనమో? మన కుండలు రెండు. పెళ్ళికి అరివేణి కుండలు, చావుకి నీళ్ళకుండ. అరివేణి కుండలకి సున్నం, రంగులు పూసి, ముత్తయిదువులు మేళతాళాలతో కుమ్మరింటికి వెళ్ళి తెస్తారు. నీళ్ళకుండని కొడుకు భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఒక్కొక్క చుట్టుకీ ఒక్కొక్క చిల్లు. చివరికి వెనక్కి చూడకుండా వదిలేస్తాడు. చైనావాళ్ళు దాచిపెట్టారు, మనం పగలగొట్టాం అని ఒక్క ముక్కలో తేల్చేద్దామనుకున్నాను. కాని అది పూర్తి నిజం కాదు. ఒకప్పుడు మనమూ పాతిపెట్టినవాళ్ళమే. మన ప్రాంతపు పెద్దరాతి సమాధుల్లో, మన పల్లెవాళ్ళు రాకాసి గుళ్ళనే వాటిలో, ఎరుపూ నలుపూ కుండలు శవాలతో పాటు దొరికాయి. నాగార్జునకొండలోనూ దొరికాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆ దాచే అలవాటు మానేశాం.

ఆడపిల్లని కాబట్టి నేను శ్మశానానికి వెళ్ళలేదు. అన్నయ్య భుజం మీద కుండ గుమ్మం దాటడం చూశానంతే. అది పగిలిన చప్పుడు నేను వినలేదు. వినని చప్పుడు ఏడాదిగా నా చెవుల్లో ఉంది.

అందుకే సంవత్సరీకం మర్నాడు కుమ్మరివీధికి వెళ్ళాను. ఆ కుండ ఇచ్చిన ముసలావిడ అరుగుమీద కూర్చుని ఉంది. చిన్నప్పటినించీ నన్నెరుగు. అడగనా, వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి అడిగేశాను. "అవ్వా, వండుకునే కుండా, ఆ కుండా ఒకలాగే చేస్తారా? పగిలిపోయేదే గదా అని ఏమన్నా తేలిగ్గా..."

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కుండ కుండే గదమ్మా. పగిలిపోద్దని పాడుగా చేస్తే, రేపు వండుకునే కుండ చెయ్యడానికి నా కొడుకు చెయ్యి పనికొస్తదా?" అంది. కాసేపాగి, "మీ అమ్మగారి కుండ తట్టి చూసే ఇచ్చాంలే. కంగుమంది" అంది.

నేను ఆ అరుగు మీదే కూలబడ్డాను.

చైనా మహానుభావుడితో నాకు ఇక్కడ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన చెప్పింది పంపించేవాళ్ళ మనసు గురించి. ఈవిడ చెప్పింది చేసేవాళ్ళ చెయ్యి గురించి. అసంపూర్తి కుండ మన దుఃఖానికి సరిపోతుంది. కాని చేసే చేతికి అసంపూర్తి అలవాటైతే లోకానికి మంచిది కాదు. నిండుగా చేసి, కంగుమనిపించి, ఆ తరవాత పగలగొట్టాలి. పోయిన మనిషి కూడా అసంపూర్తిగా తయారైన మనిషేం కాదు కదా! నిండుగా ఉండే పగిలింది. నా కోడిగుడ్డు పెంకు గిన్నె చేసినవాడు కూడా ఈ అవ్వ పక్షమే అనుకుంటాను. ఎవరూ తాగని గిన్నెకి అంత పనితనం పోసినవాడు, చచ్చినవాళ్ళకిది చాల్లే అనుకునే మనిషి కాడు.

అలాగని పెద్దాయన మాట తీసెయ్యలేను. సాయంత్రం ఆరింటికి ఫోను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. విమర్శ రాయడానికి కూర్చున్నదాన్ని ఇద్దరికీ సగం సగం మార్కులు వేస్తున్నానని నవ్వుకుంటున్నారేమో. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. అద్దాల బీరువాలో దీపం వేసి పెట్టిన ఏ పాత్రనైనా, "ఎంత బావుందో!" అని వదిలెయ్యకండి. ఇది ఎవరి కోసం చేశారు, ఇందులో ఏం పోశారు, పోసిన చెయ్యి ఎవరిది అని అడగండి. మన ఆడవాళ్ళం అడక్కపోతే ఆ ప్రశ్నలు ఇంకెవరూ అడగరు. నీలం పసుపుల రంగుల గురించి, రాజుల గురించి, ధరల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక జాడీ సంగతి. దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకునే తెచ్చాను. రెండు రోజులు అద్దాల బీరువాలో ఉంది. సాలార్‌జంగ్ వస్తువులా దర్జాగానే ఉంది. మావారు, "బావుంది, అక్కడే ఉండనీ" అన్నారు. మూడో రోజు బజార్లో కాయలు మంచివి కనబడ్డాయి.

జాడీ కడిగి ఎండబెట్టాను. తడి లేకుండా తుడిచి, వేలితో తట్టి చూశాను. పెచ్చు ఊడినవైపు కాస్త బొంగురుగా ఉంది గాని, కంగుమంది. అమ్మ కొలతే, నా చెయ్యి. వాసెన కట్టడానికి అమ్మ పాత వెంకటగిరి చీర కొంగు చింపాల్సొచ్చింది. చింపేటప్పుడు మాత్రం కాస్త కష్టమైంది.

రేపు మూడో రోజు. తిరగగలిపి ఉప్పు చూడాలి.